పరాయి నేలపై అమ్మ మాట

నెహెమ్యా గ్రంథం చివరి అధ్యాయం చదివినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. యెరూషలేము గోడ కట్టించిన ఆ పెద్దమనిషి కొంతకాలం తరువాత తిరిగి వచ్చి చూస్తే, కొందరు యూదుల ఇళ్ళలో పిల్లలు సగం అష్డోదు భాష మాట్లాడుతున్నారు. సొంత భాష వారికి రావడం లేదు. నెహెమ్యా కోపం పట్టలేక ఆ తండ్రులలో కొందరిని కొట్టి, జుట్టు కూడా పెరికాడు. ఆయన కోపానికి అసలు కారణం అన్యస్త్రీలతో వివాహాలే. అయినా ఇంటిలో ఏదో జారిపోతోందనడానికి ఆయన వ్రాసిపెట్టిన గుర్తు మాత్రం పిల్లల నోటి మాట.

ఎవరి జుట్టూ పెరకకుండా ఇదే పోరాటం నూట ముప్పై ఏళ్ళకు పైగా చేస్తూ వచ్చిన ఒక జాతి ఉంది. వారు హంగేరియన్లు. అమెరికా, కెనడా దేశాలకు కూలికి వెళ్ళి అక్కడే స్థిరపడిన హంగేరీ పల్లెటూరివారు తమ భాషను, పాటను, వంటను, ఆరాధనను నాలుగైదు తరాల దాకా ఎలా మోసుకువచ్చారన్నది తెలుసుకోదగిన కథ. వారు పూర్తిగా గెలిచారని చెప్పలేము. ఓడిపోయారనీ చెప్పలేము. మన పల్లెల్లోనూ అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్ళు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి గనుక, ఈ కథ మనకు అంత దూరపుదేమీ కాదు.

ఇంటిపేరు ముందు చెప్పుకునేవారు

హంగేరీ ఐరోపా నడిమధ్యన, సముద్రపు ఒడ్డు లేని చిన్న దేశం. విస్తీర్ణంలో మన తెలంగాణ కంటె చిన్నది. జనాభా కోటికి కొంచెం తక్కువ. చుట్టుపక్కలవారు జర్మను, స్లావు, రుమేనియా భాషలు మాట్లాడతారు. వీరి మగ్యార్ భాషకు వాటితో బంధుత్వం లేదు. దూరపు చుట్టాలు ఎక్కడో ఉత్తరాన ఉన్న ఫిన్లాండు, ఎస్టోనియా భాషలు.

అయితే తెలుగువారికి ఈ భాషలో రెండు మూడు సంగతులు సొంత ఇంటివిలాగా కనిపిస్తాయి. హంగేరియన్లు మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత చెప్పుకుంటారు. ఐరోపాలో మరెక్కడా ఇది మామూలు పద్ధతి కాదు. మనం 'లో', 'కి', 'నుండి' అని మాట చివర చేర్చినట్టే వారూ చేరుస్తారు. పెద్దవారిని ఉత్త పేరుతో పిలవరు. ఆడవారైతే పేరు వెనుక 'నేని', మగవారైతే 'బాచి' అంటారు. చుట్టరికం ఉండనక్కరలేదు, మన పిల్లలు పక్కింటావిడను అత్తయ్య అన్నట్టే. మనం పాస్టరుగారి భార్యను పాస్టరమ్మగారు అని పిలుచుకుంటాము. వారి సంఘాల్లోనూ ఆమెకు అటువంటి గౌరవపు పిలుపు ఒకటి ఉంది.

కాల్విన్ బోధను అనుసరించే రిఫార్మ్‌డ్ సంఘం ఆ దేశంలో రోమన్ కాథలిక్కుల తరువాత పెద్దది. డెబ్రెట్‌సెన్ పట్టణానికి 'కాల్వినిస్టుల రోము' అనే పేరుంది. కారోలి గాష్పార్ అనే కాపరి, ఆయన తోటివారు కలిసి మొత్తం బైబిలును మగ్యార్ భాషలోకి తెచ్చి, 1590లో విజోయ్ అనే చిన్న పల్లెలో అచ్చువేయించారు. 1607లో సెంత్సి మోల్నార్ ఆల్బెర్ట్ కీర్తనలన్నిటినీ జెనీవా రాగాలకు సరిపడేలా పద్యాలుగా వ్రాశాడు. విచిత్రమేమంటే ఆయన ఈ పని చేసింది స్వదేశంలో కాదు, జర్మనీలో, పరదేశిగా. తరువాత మూడు వందల ఏళ్ళకు ఓడ ఎక్కిన పల్లెటూరివారికి తల్లిభాషలో చదువు అంటే ఎక్కువగా ఈ బైబిలు, ఈ కీర్తనలే.

గనిలోకి దిగినవారు

1880 తరువాత, 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేవరకు హంగేరీ రాజ్యం నుండి లక్షల మంది అమెరికాకు వెళ్ళారు. వారిలో ఎక్కువ మంది భూమి లేనివారు, లేదా పంచుకుంటే ఎవరికీ చాలని చెక్క ఉన్నవారు. పెద్ద పొలాలన్నీ దొరల చేతుల్లో ఉండేవి. ఒహాయో, పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాల బొగ్గు గనుల్లో, ఉక్కు కర్మాగారాల్లో వీరికి పని దొరికింది. ఉండిపోదామని వెళ్ళినవారు తక్కువ. నాలుగేళ్ళు కష్టపడి, డబ్బు కూడబెట్టి, ఊరికి వచ్చి రెండెకరాలు కొనుక్కుందామన్నదే ఆశ. మన కోస్తా జిల్లాల నుండి రంగూను వెళ్ళినవారి ఆశ కూడా ఇదే గదా! తిరిగి వచ్చినవారూ చాలామందే ఉన్నారు. మిగిలినవారు మిగిలిపోయారు.

ఆ తొలి రోజుల్లో వారికి ఇల్లంటే 'బుర్దొష్‌హాజ్'. అంటే కూలీలు డబ్బు కట్టి తిని పడుకునే ఇల్లు. ఇంగ్లీషు మాట 'బోర్డు'ను తమ నోటికి తిప్పుకొని చేసుకున్న పేరది. ఒక సంసారపు స్త్రీ తన మొగుడికీ పిల్లలకూ తోడు పది, పన్నెండు మంది మగవారికి వండి, మసిబట్టలు ఉతికేది. పగటి షిఫ్టువాడు లేచిన పడకలో రాత్రి షిఫ్టువాడు పడుకొనేవాడు. హంగేరియన్ల వలస చరిత్రలో నాయకుల పేర్లు చాలా కనిపిస్తాయి గాని, ఈ స్త్రీల పేర్లు కనిపించవు. భాష మొదట నిలిచింది వీరి వంటింట్లోనే అని నా నమ్మకం.

1907 డిసెంబరు 19న పెన్సిల్వేనియాలోని జాకబ్స్ క్రీక్ దగ్గర దార్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 239 మంది పురుషులు, బాలురు చనిపోయారు. వారిలో చాలామంది హంగేరీ నుండి వచ్చినవారే. క్రిస్మస్‌కు ఆరు రోజుల ముందు సంగతి ఇది. ఇటువంటి చావులు వస్తూనే ఉంటాయని తెలిసే, అంతకు ముందే 1896లో అమెరికాలోని రిఫార్మ్‌డ్ హంగేరియన్లు ఒక పరస్పర సహాయ సమాఖ్య పెట్టుకున్నారు. నెలనెలా తలా కొంత కట్టేవారు. ఎవరైనా పోతే ఆ కుటుంబానికి సొమ్ము అందేది. అదే సమాఖ్య 1921లో పెన్సిల్వేనియాలోని లిగోనియర్‌లో అనాథ పిల్లలకు ఆశ్రమం తెరిచింది. దాని పేరు బెత్లెన్. మనం పొరపాటున బేత్లెహేము అనుకుంటాము. నిజానికి అది 17వ శతాబ్దంలో ట్రాన్సిల్వేనియాను ఏలిన ప్రొటెస్టెంటు రాజు బెత్లెన్ గాబోర్ పేరు. పిల్లల కోసం మొదలైన ఆ స్థలం కాలక్రమాన వృద్ధుల సంరక్షణకు నెలవయింది. ఒక వలసజాతి వయసు ఎలా పెరుగుతుందో ఆ ఒక్క మార్పులోనే కనిపిస్తుంది.

గుడిలో బడి, బల్ల మీద పిండి

అమెరికాలో మొదటి హంగేరియన్ రిఫార్మ్‌డ్ సంఘం 1891లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఏర్పడింది. మరుసటి ఏడే అక్కడ హంగేరియన్ కాథలిక్కుల సంఘం కూడా లేచింది. ఆ ఊరిలోని బకై రోడ్డు చుట్టుపక్కల కసాయి కొట్టు మొదలు పత్రికాఫీసు దాకా అంతా మగ్యార్ భాషలోనే సాగేది. బుడాపెస్ట్ తరువాత ఎక్కువ మంది హంగేరియన్లు ఉన్న ఊరు ఇదేనని గొప్పగా చెప్పుకునేవారు. లెక్కలు చూస్తే అది నిజం కాదు. పరాయి ఊరిలో ఉన్నవారికి అటువంటి గొప్పలు కొంచెం అవసరమే అనుకోవాలి.

కాపరి అంటే ఆదివారం ప్రసంగించేవాడు మాత్రమే కాదు. ఉత్తరాలు వ్రాసిపెట్టేవాడు, గని గుమాస్తాతో మాట్లాడిపెట్టేవాడు, వేసవి సెలవుల్లో పిల్లలకు గుడిలోనే అక్షరాలు నేర్పేవాడు. పిల్లవాడు తల్లిభాషలో చదవడం నేర్చుకుంటే ఆ చదువు నేరుగా కారోలి బైబిలుకు, కీర్తనల పుస్తకానికి దారితీసేది. 90వ కీర్తన వారికి ప్రాణం. పండుగకూ అదే, సమాధి దగ్గరా అదే. సంఘస్థులు ఒకరినొకరు పలకరించుకునే మాట 'ఆల్దాష్, బేకెషేగ్'. ఆశీర్వాదం, సమాధానం అని దాని అర్థం. మనం వందనాలు అన్నట్టే.

ఇక మన అక్కచెల్లెళ్ళకు నచ్చే సంగతి ఒకటి. హంగేరియన్లు పెండ్లి విందులో కోడిపులుసు నీళ్ళలో వేసుకునే ఒక పిండివంట ఉంది. దాని పేరు 'చిగ', అంటే నత్త. గుడ్లతో కలిపిన పిండిని పలుచగా ఒత్తి, చిన్న చిన్న చదరపు ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్కనూ గాళ్ళున్న చెక్క మీద సన్నని పుల్లతో దొర్లిస్తారు. నత్తగుల్లలాగా చారలతో చుట్టుకుంటుంది. చదువుతుంటే మీకు గవ్వల చెక్క గుర్తు రాలేదా? మనం క్రిస్మస్‌కు గవ్వలు చేసుకున్నట్టే! తేడా ఏమంటే మనవి నూనెలో వేగి పాకంలో పడతాయి, వారివి ఆరి పులుసులో పడతాయి.

ఒక్క మనిషి కూర్చుంటే ఒక పూటకు ఒక గిన్నెడు కూడా కావు. అందుకే అది ఎప్పుడూ పదిమంది పనే. అమెరికాలో ఎన్నో హంగేరియన్ సంఘాల్లో స్త్రీలు గుడి క్రింది హాలులో బల్లల చుట్టూ చేరి చిగ చుట్టి, సంచులు కట్టి అమ్మారు. గుడి అప్పులు తీరడానికి ఆ డబ్బు ఎంతో ఉపయోగపడింది. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకోదు. ఎవరి ఊరు ఏది, ఎవరి కోడలు ఎవరు, ఏ ముసలాయన చిన్నప్పుడు ఏ తుంటరి పని చేశాడు, అన్నీ ఆ బల్ల చుట్టూ మగ్యార్ భాషలోనే. పుల్ల పట్టుకొని పక్కన కూర్చున్న పదేళ్ళ పిల్లకు అక్కడ ఎవరూ పాఠం చెప్పలేదు. ఆమె నేర్చుకుంది.

రైతు కుటుంబాలు మరో పండుగను మరవలేదు. స్వదేశంలో రిఫార్మ్‌డ్ సంఘం ఆగస్టు నెలాఖరున కొత్త గోధుమల రొట్టెతో ఒక ప్రభువు బల్ల, శరదృతువులో కొత్త ద్రాక్షారసంతో మరొక ప్రభువు బల్ల ఆచరిస్తుంది. మన కోత పండుగకు దగ్గరి బంధువు. గోధుమ చేను కంటికి కనిపించని గని ఊళ్ళలో కూడా 'కొత్త రొట్టె ఆదివారం' అన్న పేరు బ్రతికింది. గనుల్లో చేరకుండా భూమినే వెతుక్కున్నవారూ ఉన్నారు. కెనడాలోని సస్కాచెవన్ మైదానంలో కిప్లింగ్ అనే ఊరి దగ్గర రిఫార్మ్‌డ్ రైతులు 'బేకెవార్' అనే పల్లె కట్టుకున్నారు. శాంతి కోట అని అర్థం. జంట గోపురాలతో వారు కట్టిన గుడిని కెనడా వారసత్వ కట్టడంగా కాపాడుతోంది. లూసియానాలో 1896లో మొదలైన ఆర్పాద్‌హోన్ హంగేరియన్లు స్ట్రాబెర్రీ పండ్లు పండించి బ్రతికారు. 1907లో ప్రెస్బిటీరియన్ సంఘం కట్టుకున్నారు. ఆ పల్లె పాత బడి ఇప్పుడు మ్యూజియం.

అర్థం కాని ప్రసంగం

ఇంతవరకు చదివితే అంతా సవ్యంగా సాగినట్టు అనిపిస్తుంది. సాగలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో హంగేరీ ఓడిపోయింది. 1920లో ట్రియానాన్ సంధితో తన నేలలో మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. లక్షలాది మగ్యార్లు కదలకుండా కూర్చున్న చోటనే పరదేశస్థులయ్యారు. అమెరికాలోని సంఘాలను పోషించే శక్తి మాతృసంఘానికి లేకపోయింది. 1921లో ఒహాయోలోని టిఫిన్ పట్టణంలో ఒప్పందం చేసుకొని, వాటిని అమెరికా రిఫార్మ్‌డ్ సంఘానికి అప్పగించింది. కొన్ని సంఘాలు ఒప్పుకోలేదు. 1924లో వారు విడిగా తమ సంఘాన్ని పెట్టుకున్నారు. గుప్పెడు మంది ఉన్నవారే రెండయ్యారు. ఎవరి పక్షం న్యాయమో ఇప్పుడు తేల్చే పని మనకు లేదు గాని, ఒకే కీర్తన పాడేవారు రెండు కప్పుల క్రింద పాడవలసి వచ్చింది.

దానికంటె పెద్ద తగవు ఇళ్ళలో పుట్టింది. అక్కడ పుట్టిన పిల్లలు బడిలో ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఇంటిపేరు ముందు చెబితే టీచరు దానినే సొంత పేరు అనుకునేది. అందుకని పేరు తిప్పి చెప్పుకోవడం నేర్చారు. బబులోనులో దానియేలుకు బెల్తెషాజరు అని పేరు పెట్టారు. వీరికి ఎవరూ పెట్టలేదు, వీరే పలకడానికి సులువుగా కుదించుకున్నారు. తరువాత ఆదివారం వచ్చింది. ప్రసంగం ఇంగ్లీషులో చేస్తే ఇది మన గుడి ఎలా అవుతుందని పెద్దలు. అర్థం కాని ప్రసంగానికి మేమెందుకు రావాలని పిల్లలు. రెండూ కాదనలేని మాటలే. తెలియని భాష గురించి పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో చెప్పింది చదివినవారు పిల్లల పక్షమే వహించాలి. కాని జీవితమంతా ఒకే భాషలో ప్రార్థించిన ముసలమ్మను, చివరి రోజుల్లో తన దేవునితో వేరే భాషలో మాట్లాడమనడం ఎలా?

కొన్ని సంఘాలు మొండిపట్టు పట్టి యువతను పోగొట్టుకున్నాయి. కొన్ని తొందరపడి మొత్తం ఇంగ్లీషుకు మారాక, పక్క వీధి గుడికీ దీనికీ తేడా ఏమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. మధ్య దారి పట్టినవి రెండు ఆరాధనలు పెట్టాయి. లేదా ప్రసంగం ఇంగ్లీషులోకి మార్చి, కీర్తనలు, ప్రభువు ప్రార్థన మగ్యార్ భాషలో ఉంచాయి. ఈ సంఘాల కూటమి ఒకటి, కాల్విన్ సినడు అనే పేరుతో, అమెరికాలోని యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్‌లో భాగంగా నేటికీ ఉంది. పాట నాలుక మీద నిలిచినంతకాలం ప్రసంగం నిలవదని ఈ అనుభవం చెబుతోంది. పాస్టర్లు నన్ను క్షమించాలి!

తుపాకులు దాటి వచ్చినవారు

1956 అక్టోబరు 23న బుడాపెస్ట్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం మీద తిరుగుబాటు లేచింది. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు దాన్ని అణచివేశాయి. దాదాపు 2,00,000 మంది ఆస్ట్రియా, యుగోస్లావియా సరిహద్దులు దాటి పారిపోయారు. కెనడా 37,000 మందికి పైగా చేర్చుకుంది. అమెరికాకు వచ్చినవారిలో 30,000 మందికి పైగా న్యూజెర్సీలోని కిల్మర్ సైనిక శిబిరంలోనే మొదట అడుగుపెట్టారు. సోప్రోన్ పట్టణంలోని అటవీ కళాశాల నుండి అయితే గురువులు, విద్యార్థులు సుమారు 200 మంది కలిసికట్టుగా కెనడాకు వచ్చి, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో తమ చదువు తమ భాషలోనే పూర్తి చేసుకున్నారు.

వీరు చదువుకున్న పట్టణాలవారు. ముందు వచ్చినవారు గని కూలీల పిల్లలు. పాతవారి భాషలో గనిని 'మైన', కొట్టును 'స్తోర్' అనే మాటలు కలిసిపోయి ఉండేవి. కొత్తవారికి నవ్వు వచ్చేది. పాతవారికి ఒళ్ళు మండేది. ఒకే భాషవారి మధ్య ఇది అన్నిచోట్లా ఉన్న జబ్బే; మన జిల్లాల యాసల మీద మనవారు వేసుకునే ఎత్తిపొడుపులు వేరే చెప్పాలా? అయినా ఖాళీ అవుతున్న గుడి బల్లల మీద మళ్ళీ మనుషులు కూర్చున్నారు.

పిల్లల విషయంలో బాగా పని చేసింది స్కౌటు ఉద్యమం. హంగేరీలో కమ్యూనిస్టులు స్కౌటింగును 1948లో రూపుమాపారు. అప్పటికే రెండవ ప్రపంచయుద్ధం తరువాత జర్మనీలోని శరణార్థి శిబిరాల్లో ఉన్న మగ్యార్లు దానిని బయట బ్రతికించారు. తరువాత దాని కేంద్రం న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌కు చేరింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఫిల్మోర్ అడవిలో వారికి సొంత శిబిరం ఉంది. నిప్పు రాజేయడం, ముడులు వేయడం, గుడారం ఎత్తడం అన్ని స్కౌటులకూ ఉన్నదే. ఇక్కడ అవన్నీ మగ్యార్ భాషలో జరగాలి. నాయకుడు కావాలంటే హంగేరీ చరిత్ర, సాహిత్యం, భూగోళంలో పరీక్ష ప్యాసు కావాలి. శనివారపు భాషా బడికి ఏడ్చుకుంటూ వెళ్ళిన పిల్లవాడు, వేసవి శిబిరానికి మాత్రం తన స్నేహితుల కోసం వెళ్ళాడు. శిబిరంలో నాయకుడు కావాలన్న ఆశతో శనివారపు బడిని ఓర్చుకున్నాడు. తిట్టడానికీ ప్రసంగానికీ మాత్రమే వాడిన భాష పిల్లలకు అంటలేదు. పనికీ ఆటకూ స్నేహానికీ వాడిన భాష అంటింది.

అయినా లెక్కలు చూడాలి. 1990 జనాభా లెక్కల్లో అమెరికాలో ఇంట్లో మగ్యార్ మాట్లాడేవారు సుమారు 1,48,000 మంది. 2000 నాటికి వారు 1,18,000కు తగ్గారు. మా పూర్వికులు హంగేరియన్లు అని ఆ ఏడు చెప్పుకున్నవారు సుమారు 14 లక్షలు. అంటే పన్నెండు మందిలో ఒకరి నోట మాత్రమే భాష మిగిలింది. బకై రోడ్డు 1970ల నాటికే చాలావరకు ఖాళీ అయ్యింది. 1891 నాటి ఆ మొదటి సంఘం ఇప్పుడు శివారులోని వాల్టన్ హిల్స్‌లో ఆరాధిస్తోంది.

మన తెలుగువారు అమెరికాలో ఇప్పుడు రెండో తరంలో, అక్కడక్కడ మూడో తరంలో ఉన్నారు. 2007 నుండి నడుస్తున్న మనబడి తరగతులున్నాయి, తెలుగు సంఘాలూ తెలుగు ఆరాధనలూ ఉన్నాయి. హంగేరియన్లు ఎదుర్కొన్న ఆదివారపు ప్రశ్న ఈ సంఘాలకూ ఎదురవుతోంది. ఇక్కడ ఊరిలో ఫోను పట్టుకున్న నాయనమ్మ మనవడితో ప్రార్థన చేయాలంటే ఏ భాషలో చేయాలో తడుముకుంటోంది. అక్కడి తల్లిదండ్రుల పని బడికి పంపడంతో తీరదు. నాయనమ్మ వచ్చిన ఆరు నెలల్లో పిల్లల చేతికి గవ్వల చెక్క ఇచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టారా లేదా అన్నది కూడా చూసుకోవాలి.

ఈ మధ్య కథ మరో మలుపు తిరిగింది. 2010లో హంగేరీ పార్లమెంటు చట్టం మార్చింది. 2011 నుండి, పూర్వికులు హంగేరియన్లయి ఉండి భాష వచ్చినవారు ఆ దేశంలో నివసించకపోయినా పౌరసత్వం పొందవచ్చు. దానితో, తాత మాట్లాడుతుంటే చెవిన పెట్టని మనవలు పెద్దవారయ్యాక వ్యాకరణ పుస్తకం తెరిచారు. పాసుపోర్టు కోసం నేర్చుకునేది భాషాభిమానం కాదని కొందరు ముక్కు విరుస్తారు. ఎందుకు మొదలుపెట్టినా కీర్తన చదవడం వస్తే సరే అని నాకనిపిస్తుంది.

2013 నుండి హంగేరీ ప్రభుత్వం ప్రతి ఏడూ యువతీయువకులను విదేశాల్లోని మగ్యార్ సమాజాలకు పంపుతోంది. వారు అక్కడ నెలల తరబడి ఉండి పిల్లలకు భాష, జానపద నృత్యం, పాటలు నేర్పుతారు. ఆ పథకానికి పెట్టిన పేరు కొరొషి చోమ షాందోర్. ఆయన ట్రాన్సిల్వేనియాలో 1784లో పుట్టిన రిఫార్మ్‌డ్ కుటుంబపు పిల్లవాడు. చదివింది ఆ బెత్లెన్ రాజు స్థాపించిన కళాశాలలోనే. తన జాతి మొదట ఎక్కడి నుండి వచ్చిందో కనుక్కోవాలని చాలావరకు కాలినడకన ఆసియాకు బయలుదేరాడు. అది దొరకలేదు గాని లడఖ్ ప్రాంతపు మఠాల్లో చలికి వణుకుతూ టిబెటు భాష నేర్చుకున్నాడు. 1834లో కలకత్తాలో మొదటి టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. 1842 ఏప్రిల్ 11న జ్వరంతో చనిపోయాడు. ఆయన సమాధి మన దేశంలోనే, డార్జిలింగులో ఉంది. ఆ ఊరికి వచ్చే హంగేరియన్లు ఇప్పటికీ అక్కడ పూలు పెట్టి వెళ్తారు.